డోవరు సుద్దకొండల మీద నీలిపిట్టలు: ఆ యుద్ధకాలపు పాటలో పిట్టలు దేనికి గుర్తు?

ప్రశ్న: నెల్లూరు, సంతపేట నుంచి

అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక ఇంగ్లీషు పాట గురించి తెలిసినవారు ఎవరైనా చెబుతారని అడుగుతున్నాను. పాట పేరు ‘ది వైట్ క్లిఫ్స్ ఆఫ్ డోవర్’, వేరా లిన్ పాడినది. ఇంగ్లండు దక్షిణపు ఒడ్డున డోవరు దగ్గర నిలువుగా కోసినట్టుండే తెల్లటి సుద్దకొండలు ఉన్నాయి కదా, రేపు లోకానికి స్వేచ్ఛ వచ్చిన నాడు వాటి మీద నీలిపిట్టలు ఎగురుతాయి, చూస్తూ ఉండండి అన్నది పల్లవి భావం. తర్వాత గొర్రెల కాపరి మళ్లీ మందను మేపుకుంటాడని, లోయ మళ్లీ పూస్తుందని, జిమ్మీ అనే పిల్లవాడు మళ్లీ తన చిన్న గదిలో నిద్రపోతాడని వస్తుంది.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. యుద్ధం మీద పాఠం వచ్చినప్పుడు తరగతిలో ఈ పాట వినిపించాను. ఒక అమ్మాయి లేచి, “మేడమ్, అవి ఏ పిట్టలు?” అని అడిగింది. చూసి చెబుతానన్నాను. వెతికితే బ్లూబర్డ్ అనే పిట్ట ఇంగ్లండులో లేనే లేదని తేలింది. కొందరు అవి స్వాలో పిట్టలంటున్నారు, కొందరు యుద్ధవిమానాలంటున్నారు, కొందరు కవికి తెలియక రాశాడంటున్నారు.

ఈ పాట మీద నాకు ఇంత పట్టుదల ఉండటానికి ఇంకో కారణం ఉంది. మా అమ్మమ్మ ఆ రోజుల్లో నెల్లూరులోని మిషన్ ఆసుపత్రిలో నర్సు. అక్కడి అమెరికా డాక్టరమ్మల ఇంట్లో గ్రామఫోను మీద ఈ పాట వినేదట. డెబ్బై ఏళ్లు దాటాక కూడా బియ్యం ఏరుతూ కూనిరాగం తీసేది. పాటలో ఉన్నది పాలపిట్టేనని ఆమె గట్టి నమ్మకం. పిల్లలకు నేను ఏమి చెప్పాలి?


జవాబు: కావలి నుంచి

మేడమ్, మా పెదనాన్నగారు వైమానిక దళంలో పనిచేశారు. ఆయన ద్వారా విన్నది చెబుతున్నాను. 1940 వేసవిలో బ్రిటన్ మీద జర్మనీ విమానదాడులకు దిగినప్పుడు ఆ పోరు ఎక్కువగా ఇంగ్లండు దక్షిణ తీరం మీదే జరిగింది. బ్రిటిష్ వాయుసేన యూనిఫారం నీలం కలిసిన బూడిదరంగు. డోవరు కొండల మీద ఎగిరిన ఆ కుర్రవాళ్లనే కవి నీలిపిట్టలన్నాడని ఆయన చెప్పేవారు. నాకు ఇదే సబబుగా తోస్తోంది. దేశాన్ని కాపాడినవాళ్లను పిట్టలతో పోల్చడం ఏ భాషలోనైనా ఉన్నదే కదా.


జవాబు: సూళ్లూరుపేట నుంచి

అమ్మా, జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. నేలపట్టు, పులికాట్ చుట్టుపక్కల పిట్టలను చూస్తూ జీవితంలో చాలా భాగం గడిపాను. మీ విద్యార్థిని చాలా మంచి ప్రశ్న అడిగింది. “ఏదో ఒక పిట్టలే, కవిత్వంలో అవన్నీ మామూలే” అని దాటవేయకండి. పిట్ట ఏదో తెలిస్తేనే ఆ పాట లోపలికి దారి దొరుకుతుంది.

బ్లూబర్డ్ ఉత్తర అమెరికా పిట్ట. మొత్తం మూడు జాతులు, మూడూ ఆ ఖండానివే. తూర్పు భాగంలో ఉండేదాన్ని తీసుకుంటే, పిచ్చుక కన్నా కాస్త పెద్దది. మగపిట్టకు తల, వీపు, రెక్కలు, తోక అంతా నిండు నీలం. రొమ్ము ఇటుకరంగు, పొట్ట కింద తెలుపు. చెట్టు తొర్రల్లో, కంచె గుంజలకు పడిన బొక్కల్లో గూడు పెడుతుంది. చలి ఇంకా పూర్తిగా పోకముందే ఉత్తరాది పల్లెలకు తిరిగి వస్తుంది. మనకు చైత్రంలో కోయిల కూత ఎలాగో, అక్కడి రైతు కుటుంబాలకు ఆ పిట్ట కంచె మీద వాలడం అలాగ. చలికాలం వెళ్లిపోయింది, ఇక భయం లేదని దాని అర్థం.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా నుంచి పిచ్చుకలను, స్టార్లింగ్ పిట్టలను అమెరికాకు తీసుకెళ్లి వదిలారు. అవి తొర్రలన్నీ ఆక్రమించుకుని బ్లూబర్డ్‌ను తరిమేశాయి. 1930లలోనే అక్కడి పక్షి ప్రేమికులు పొలాల వెంబడి చెక్కపెట్టెలు కట్టి దానికి గూళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే ఈ పాట వచ్చేనాటికి అమెరికాలో ఆ పిట్ట తగ్గిపోతున్నది, మళ్లీ రావాలని జనం కోరుకుంటున్నది.

పాట రాసినది నాట్ బర్టన్, బాణీ కట్టినది వాల్టర్ కెంట్. ఇద్దరూ అమెరికన్లే. పాట 1941 నాటిది. పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి 1941 డిసెంబరు 7న కదా, ఈ పాట పుట్టినప్పుడు అమెరికా ఇంకా యుద్ధంలో దిగలేదు. వేరా లిన్ పాడినది 1942లో. వరుస అర్థమయింది కదా: యుద్ధానికి దూరంగా ఉన్న మనిషి, బాంబుల కింద ఉన్న ఊరిని తలచుకుని, తన పెరట్లోకి వసంతాన్ని తెచ్చే పిట్టను ఆ ఊరికి పంపాడు. దీన్ని తప్పు అనడానికి నాకు మనసు ఒప్పదు. డోవరు మీద ఏ పిట్టలు ఎగురుతాయో జాబితా రాయడం అతని పని కాదు. తన దగ్గరున్న మంచి శకునాన్ని పంపడం అతని పని.

నీలిపిట్ట సంతోషానికి గుర్తన్న భావన అప్పటికే జనంలో బాగా నాటుకుని ఉంది. బెల్జియం రచయిత మేటర్‌లింక్ రాయగా 1908లో ప్రదర్శితమైన నాటకంలో ఇద్దరు పేద పిల్లలు నీలిపిట్ట కోసం లోకాలన్నీ తిరుగుతారు. చివరికి అది ఇంట్లో పంజరంలోనే కనిపిస్తుంది. యుద్ధకాలపు శ్రోతకు ఆ కథ తెలిసినా తెలియకపోయినా, నీలిపిట్ట అనగానే ఇల్లు, సుఖం మనసులోకి వచ్చేవి.

కావలి వారు చెప్పిన విమానాల మాట చాలామంది నమ్ముతారు. ఆ కుర్రవాళ్ల మీద గౌరవంతోనే నమ్ముతారు. కానీ పాట ఒప్పుకోదు. ఒక్కసారి క్రియలు చూడండి. నీలిపిట్టలు ఎగురుతాయి అన్నది రేపటి మాట. లోకానికి స్వేచ్ఛ వచ్చాక జరగబోయేది. విమానాలు 1940 జులై నుంచి అక్టోబరు దాకా డోవరు మీద ఎగురుతూనే ఉన్నాయి. రేపు వస్తాయని వాటికోసం ఎదురుచూడవలసిన పని లేదు. యుద్ధం ముగిశాక కొండల మీద మళ్లీ యుద్ధవిమానాలే ఎగరాలని ఏ తల్లి పాడుకుంటుంది?

స్వాలో వాదానికి కొంత బలం ఉంది. స్వాలో వీపు ఎండలో ముదురు నీలంగా మెరుస్తుంది. దాని దగ్గరి చుట్టం హౌస్ మార్టిన్ అనే పిట్ట ఇళ్ల చూరులకే కాదు, అలాంటి సుద్దకొండల గోడలకు కూడా మట్టి గూళ్లు కడుతుంది. రెండూ శీతకాలం ఆఫ్రికాలో గడిపి వసంతంలో సముద్రం దాటి ఇంగ్లండుకు వస్తాయి. చీలిన తోక స్వాలోలు అక్టోబరు తర్వాత మనవైపూ వస్తాయి, పొలాల పక్క కరెంటు తీగల మీద బారుగా కూర్చుంటాయి, మీరు చూసే ఉంటారు. తిరిగి వచ్చే పిట్ట గనుక పాటకు నప్పుతుంది. డోవరు మనిషి పాట వింటూ తన కళ్లతో చూసిన స్వాలోనే ఊహించుకుని ఉండవచ్చు. అది విన్నవారి హక్కు. రాసినవాడి మనసులో ఉన్నది మాత్రం తన దేశపు పిట్టేనని నా నిశ్చయం.

ఇక నాకు ఈ పాటలో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఆకాశం. డోవరు నుంచి ఫ్రాన్సు తీరం 34 కిలోమీటర్ల లోపే. ఎండ కాసిన రోజు ఒడ్డున నిలబడితే కంటికి ఆనుతుంది. 1940 ఆగస్టు నుంచి 1944 సెప్టెంబరు దాకా జర్మన్ ఫిరంగులు సముద్రం అవతలి నుంచే ఆ ఊరి మీద గుండ్లు కురిపించాయి. పైనుంచి విమానాలు సరేసరి. జనం సుద్దకొండల్లోని గుహల్లో, సొరంగాల్లో రాత్రుళ్లు గడిపారు. అలాంటి చోట తల పైకెత్తడమంటే ఏమిటో ఆలోచించండి. పైన కదిలే ప్రతి నల్లచుక్క ప్రాణానికి ముప్పు. తల ఎత్తి చూడగానే కనిపించేది పిట్ట అయితే చాలు, ఆ క్షణానికి బతికినట్టే. యుద్ధం ముగిసిందని చెప్పడానికి కవి జెండాలు, ఊరేగింపులు, గంటలు పెట్టలేదు. భయపడకుండా పైకి చూడగలిగే రోజు వస్తుందన్నాడు.


జవాబు: ఒంగోలు నుంచి

సూళ్లూరుపేట మాస్టారు చెప్పిన చివరి మాట చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆకాశం చూసి భయపడిన రోజులు మనకూ ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ వారంలోనే మద్రాసు ఖాళీ కావడం మొదలైంది. పని లేనివారు నగరం వదిలి వెళ్లమని ప్రభుత్వమే చెప్పింది. జంతుప్రదర్శనశాలలో ఉన్న పులులను, సింహాలను, బాంబులు పడితే బయటికి వస్తాయన్న భయంతో కాల్చి చంపారు.

మా తాతగారు అప్పుడు మద్రాసులో ఒక అచ్చుకూటంలో పనిచేసేవారు. భార్యాబిడ్డలను రైలెక్కించి సింగరాయకొండ దగ్గర మా ఊరికి పంపేశారు. మా నాన్నకు అప్పుడు ఆరేళ్లు. ఇల్లంతా చుట్టాలతో నిండిపోయి, పిల్లలందరినీ వసారాలో ఒకే జంపఖానా మీద పడుకోబెట్టేవారట. నాన్నకు మద్రాసు ఇంట్లో కిటికీ పక్కన ఒక చిన్న నవారు మంచం ఉండేది. రోజూ రాత్రి “నా మంచం ఎప్పుడు?” అని అడిగేవాడినని ఎనభై ఏళ్లు వచ్చాక కూడా చెప్పేవారు. ఎవరూ జవాబు చెప్పలేదట. వాళ్లకు మాత్రం ఏమి తెలుసు?

అందుకని నాకు ఆ పాటలో జిమ్మీ దగ్గరే గొంతు పట్టుకుంటుంది. ఇంగ్లండులో యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరులోనే లక్షల మంది పిల్లలను మెడలో పేరు చీటీలు కట్టి నగరాల నుంచి పల్లెలకు పంపేశారు. ముక్కూమొహం తెలియని వారి ఇళ్లలో పెరిగారు. పిట్టల చరణాన్ని విడిగా తీసి అర్థం వెతకడం కన్నా, జిమ్మీతో కలిపి చదవండి మేడమ్. కాపరి మంద దగ్గరికి, పిల్లవాడు తన గదికి, పిట్ట తన ఆకాశానికి. అందరూ ఎవరి చోటికి వాళ్లు చేరుకోవడమే ఆ పాట.


జవాబు: నెల్లూరు, మూలాపేట నుంచి

తెలుగు పండితుడిని. ఇంగ్లీషు పాట గురించి నాకు చెప్పేంత తెలియదు. యుద్ధంలో పిట్ట అనగానే మన ఊరి తిక్కన గుర్తుకు వచ్చి రాస్తున్నాను. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు ఆయన తెనిగించినవే. సౌప్తికపర్వంలో అశ్వత్థామ రాత్రివేళ మర్రిచెట్టు కింద నిద్రపట్టక కూర్చుని ఉంటాడు. కొమ్మల మీద కాకులు ఒళ్లెరగని నిద్రలో ఉంటాయి. ఒక గుడ్లగూబ చప్పుడు లేకుండా వచ్చి వాటిని చంపుతుంది. అది చూసి అతనికి దారి దొరుకుతుంది. ఆ రాత్రే పాండవ శిబిరంలో నిద్రపోతున్నవారిని వధిస్తాడు. స్త్రీపర్వంలో గాంధారి చూసే రణభూమి నిండా గద్దలు, కాకులు. పక్కనే ఉన్న పల్నాటికి వెళితే, అక్కడి యుద్ధకథలో పేచీ కోడిపందెం దగ్గరే ముదిరింది.

మన సాహిత్యంలో యుద్ధంలోని పిట్ట చావును చూపిస్తుంది, లేదా చావుకు దారి చూపిస్తుంది. ఓదార్పు ఇచ్చే పిట్ట మనకు యుద్ధంలో కాదు, విరహంలో వస్తుంది. నలదమయంతుల హంస లాగా. అందువల్ల ఈ పాటలోని పిట్టను నేను కొంచెం అనుమానంగానే చూస్తాను. యుద్ధం జరుగుతుండగా ఇంత తీయని బొమ్మ చూపించడం జనాన్ని జోకొట్టడం కాదా?


ప్రశ్న అడిగినవారు

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. పండితులవారి అనుమానం నాకూ కొంత ఉంది. తరగతిలో ఒక అబ్బాయి కూడా అన్నాడు, “పాట బాగుంది గానీ, యుద్ధం ఇందులో ఎక్కడుంది మేడమ్?” అని. మాస్టారూ, దీనికి మీరు ఏమంటారు? మా అమ్మమ్మ పాలపిట్ట మాట కూడా మీరు తేల్చలేదు.


జవాబు: సూళ్లూరుపేట నుంచి

పండితులవారికి నమస్కారాలు. గుడ్లగూబ ఘట్టం గుర్తుచేసినందుకు సంతోషం. అయితే జోకొట్టడమన్న మాటతో నేను ఏకీభవించలేను. తిక్కన చెబుతున్నది జరిగిపోయిన యుద్ధం. ఎవరు గెలిచారో, ఎవరు మిగిలారో కవికి తెలుసు, వినేవాడికీ తెలుసు. 1942లో ఈ పాట వింటున్నవాడికి ఏమీ తెలియదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో సింగపూరు పోయింది, మార్చిలో రంగూన్ పోయింది. చివరికి ఎవరు గెలుస్తారో తెలియని మనిషికి శవాల మీద గద్దలను చూపించనక్కర్లేదు, అవి అతనికి కనిపిస్తూనే ఉన్నాయి. కనిపించనిదాన్ని చూపించడమే అప్పుడు కావలసింది.

అబ్బాయి అడిగినదానికి: యుద్ధం ఆ పాటలో ‘మళ్లీ’ అని ధ్వనించిన ప్రతి చోటా ఉంది. జిమ్మీ మళ్లీ తన గదిలో పడుకుంటాడంటే ఇప్పుడు పడుకోవడం లేదని. లోయ మళ్లీ పూస్తుందంటే ఇప్పుడు పూయడం లేదని. పిట్టలు ఎగురుతాయంటే ఇప్పుడు ఆకాశం వాటిది కాదని. ఈ చివరిది ఉట్టి ఊహ కాదు. అక్షరాలా జరిగింది. రెండు సంగతులు చెబుతాను, మీ పిల్లలకు చెప్పండి.

మొదటిది బైరిడేగల సంగతి. పెరెగ్రిన్ అంటారు ఇంగ్లీషులో. సముద్రపు ఒడ్డున నిటారుగా ఉండే కొండలే దానికి ఇష్టమైన చోటు, ఇంగ్లండు దక్షిణ తీరం దాని పాత కాపురం. దానికి ఇష్టమైన ఆహారం పావురం. యుద్ధంలో బాంబర్ విమానాలు పెట్టెల్లో పావురాలను తీసుకెళ్లేవి. విమానం సముద్రంలో కూలి రేడియో పనిచేయకపోతే పావురమే కబురు తేవాలి. 1942 ఫిబ్రవరిలో ఉత్తర సముద్రంలో కూలిన ఒక విమానం నుంచి వింకీ అనే ఆడపావురం, రెక్కలకు నూనె అంటుకున్నా దాదాపు 190 కిలోమీటర్లు ఎగిరి స్కాట్లండులోని తన గూటికి చేరింది. దాని కాలికి ఏ చీటీ లేదు. అది చేరిన వేళను, విమానం చివరి కబురును కలిపి లెక్కవేసి ఆ విమానంలోని నలుగురిని కాపాడారు. జంతువులకు ఇచ్చే డికిన్ పతకం 1943లో మొదలైంది, మొదట అందుకున్నవాటిలో అదీ ఒకటి. ఇలాంటి పావురాలను బైరిడేగలు తినేస్తున్నాయని 1940లో ప్రభుత్వం వాటిని చంపమని ఉత్తర్వు ఇచ్చింది. సుమారు 600 డేగలను చంపారు. గుడ్లు పగలగొట్టారు, పిల్లలను తీసేశారు. తీరపు కొండల మీద మనుషుల యుద్ధంలో పిట్ట కూడా శత్రువైంది. పాట వింటున్నప్పుడు నాకు ఆ ఖాళీ గూళ్లే కళ్లముందు ఉంటాయి. డేగను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వింకీని మెచ్చుకోకుండానూ ఉండలేను.

రెండోది 1942 మే 19 రాత్రి జరిగింది. బీబీసీ వారు ఏటా వసంతంలో సర్రే ప్రాంతంలోని ఒక తోటలో మైకులు పెట్టి నైటింగేల్ పాటను ప్రత్యక్ష ప్రసారం చేసేవారు. ఆ రాత్రి పిట్ట పాడుతుండగా దూరంగా ఒక హోరు మొదలైంది. జర్మనీలోని మానైమ్ నగరం మీదికి వెళుతున్న వెల్లింగ్టన్, లాంకాస్టర్ బాంబర్లు అవి. దాడికి విమానాలు బయలుదేరాయని రేడియో వింటున్న శత్రువుకు తెలిసిపోతుందని ఇంజనీరు వెంటనే ప్రసారం ఆపేశాడు. అయితే రికార్డింగు మాత్రం నడిచింది. ఆ రికార్డు ఇప్పటికీ ఉంది, దొరుకుతుంది. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. మొదట పిట్ట ఒక్కటే. తెంపు తెంపుగా, మధ్యలో ఆగి, మళ్లీ అందుకుంటుంది. కింద హోరు లేస్తుంది. అంతకంతకూ పెద్దదై గది నిండిపోతుంది. పిట్ట ఆపదు. హోరు తగ్గుతూ పోతుంది. పిట్ట పాడుతూనే ఉంటుంది. వెళ్లిన విమానాలు కొన్ని తిరిగి రాలేదు. అవి బాంబులు వేసిన ఊళ్లోనూ తోటలున్నాయి, పిల్లలున్నారు. యుద్ధం ఎక్కడుందని అడిగిన అబ్బాయికి ఇది వినిపించి, ఆ తర్వాత వేరా లిన్ పాట పెట్టండి. వేరే వివరణ అక్కర్లేదు.

పాలపిట్ట మాట. కుటుంబాల లెక్కలో రెండింటికీ దగ్గరి చుట్టరికం ఏమీ లేదు. బ్లూబర్డ్ థ్రష్‌ల వంశం, పాలపిట్ట వేరే వంశం, ఒంటి పరిమాణంలోనూ బాగా పెద్దది. కూర్చున్నప్పుడు మట్టిరంగు రొమ్ముతో మామూలుగా ఉంటుంది, ఎగిరితే రెక్కల్లో రెండు నీలాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. దసరాకు దాన్ని చూస్తే మంచిదని మనవారి నమ్మకం. మీ అమ్మమ్మగారు తన ఊరి శుభశకునాన్ని ఆ పాటలో పెట్టుకున్నారు. బర్టన్ చేసిందీ అదే. నెల్లూరులో ఆ గ్రామఫోను తిప్పిన డాక్టరమ్మలు మాత్రం తమ ఇళ్ల కంచెల మీద నిజంగా బ్లూబర్డ్‌ను చూసి పెరిగినవారు అయి ఉండవచ్చు. ఇంగ్లండు పాటలో తమ ఊరి పిట్ట వినపడితే యుద్ధం వల్ల ఇంటికి వెళ్లలేని మనిషికి ఎలా ఉంటుందో, ఒంగోలు వారు చెప్పిన నవారు మంచం చూస్తే తెలుస్తుంది.

వేరా లిన్ 1944లో బర్మా యుద్ధరంగానికి వెళ్లి అక్కడి సైనికులకు పాడింది. అక్కడ పోరాడిన బ్రిటిష్ పద్నాలుగో సైన్యంలో ఎక్కువమంది భారతీయులే, మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లినవారూ ఉన్నారు. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి, లేకపోతే ఇదంతా ఎవరి యుద్ధమో అనుకుంటారు.


జవాబు: కావలి నుంచి

మాస్టారూ, క్రియల మాట మీరు చెప్పాక పాటను మళ్లీ విన్నాను. విమానాల అర్థం నిలవదని ఒప్పుకుంటున్నాను. అయితే ఒక సందేహం. పాటలో కోపంతో రగిలే ఆకాశాన్ని ఎదుర్కొన్నవారి ప్రస్తావన కూడా ఉందని విన్నాను. ఆ వైమానికులకు పాటలో చోటే లేదా?


జవాబు: సూళ్లూరుపేట నుంచి

ఉంది. మీరు సరిగ్గానే విన్నారు. పల్లవికి ముందు వచ్చే ఎత్తుగడ చరణం ఒకటి ఉంది, చాలా రికార్డుల్లో దాన్ని వదిలేసి పల్లవితోనే మొదలుపెడతారు. ఆ ఆకాశాన్ని ధైర్యంగా ఎదుర్కొన్నవారిని తలచుకోవడం అక్కడే జరుగుతుంది. మీ పెదనాన్నగారి గౌరవానికి చోటు ఆ చరణంలో ఉంది. వారు నిన్న పోరాడారు, పిట్టలు రేపు ఎగురుతాయి. రెండూ ఒకే ఆకాశంలోనే, గానీ రెండూ ఒకటి కావు. తరగతిలో వినిపించేటప్పుడు ఆ ముందు చరణం ఉన్న రికార్డునే ఎంచుకోమని మేడమ్‌గారికి నా మనవి.